టకటక మానిన ఇంజను

ఒక్క స్పానరుతో అత్తారి ఊళ్లో ఏడాది పంటకు ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అల్లుడు ఇంజనెరగడని మాత్రం ఎవరూ అనరు. ఆ లోటు తీర్చడానికే ఈ కథ చెబుతున్నాను.

మాది అనకాపల్లి. పెళ్లయిన ఆ చలికాలం కోటవురట్ల దగ్గర అత్తారింటికి వెళ్లాను. మామగారికి చెరుకు గానుగ ఉంది, దాన్ని తిప్పడానికి వాళ్ల నాన్న కొన్న డీజిలింజనుంది. నేను ఐటీఐలో ఫ్యాన్లకు వైండింగ్ చుట్టడం నేర్చినవాణ్ణి. ఇంజన్ల సంగతి ఫోనులో వీడియోలు చూసి సంపాదించిన పాండిత్యం.

గానుగ పక్కన నరికిన చెరుకు కొండలా పడి ఉంది. నాలుగు రోజుల్లో ఆడకపోతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. మామగారి ఏడాది కష్టమంతా ఆ కుప్పలోనే ఉంది.

ఇంజను మాత్రం ఒకటే టకటక.

"ఏటి మావయ్యా ఆ సప్పుడు?"

"మా నాన్న నాటినుంచీ అలగే కొట్టుకుంతాది అల్లుడుగారూ."

"టాపెట్ లూజు! ఒక్క తిప్పుతో పోద్ది."

మా వైపు కొత్త అల్లుడు సూర్యుడు పడమట పొడిచాడన్నా, "అవునండి, నిన్న మేమూ చూశామండి" అంటారు. మామగారు ఇంజను వైపు జాలిగా చూసి, "మీ ఇట్టం" అన్నారు.

"నీకొచ్చా అసలు?" అని నా భార్య లక్ష్మి చెవిలో అడిగింది.

"వీడియోలో ఆయనకొచ్చు" అన్నాను.

పొద్దున్నే, చల్లటి ఇంజను మూత విప్పాను. వాల్వు తోకకూ, దాన్ని నొక్కే ఇనప చేతికీ మధ్య, టాపెట్ దగ్గర, వెంట్రుకంత సందు కనిపించింది. దొంగ దొరికాడనుకుని ఆ సందు పూర్తిగా పోయేదాకా బిగించాను. ఇంజను స్టార్టు చేస్తే టకటక లేదు!

"అల్లుడుగారి సెయ్యి పడితే ఇనుమైనా నోరు మూసుకుంతాది!" అన్నాడు గానుగ దగ్గరి పనివాడు. అత్తగారు గారెలు వండారు. నేను పదకొండు తిన్నాను.

రెండో రోజు ఇంజను ఆయాసపడింది. "సెట్టవుతోంది" అన్నాను. మూడో రోజు పొగగొట్టం ఢామ్మని రెండుసార్లు తుమ్మి ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు తిప్పితే లోపల ఎదురే లేదు, బొంగరంలా తిరిగింది. సగం చెరుకు ఇంకా కుప్పలోనే ఉంది.

అనకాపల్లి నుంచి మెకానిక్ నూకరాజు వచ్చాడు. మూత విప్పీ విప్పగానే, "ఏ ఎదవ ముట్టుకున్నాడు దీన్ని?" అన్నాడు.

అందరూ ఆకాశం చూశారు. "సలికి అదే బిగిసిపోయుంతాది" అన్నారు మామగారు. ఆ పెద్దమనిషి నన్ను కాపాడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనేనండి... అల్లుణ్ణి" అన్నాను.

నూకరాజు గబుక్కున లేచి నిలబడ్డాడు. "అల్లుడుగారా! శానా గట్టిగా బిగించేరండి!"

తరవాత పొగవాల్వు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. వేలెడంతే ఉంది, కాడ ఉన్న పుట్టగొడుగులా. ఒక పక్క అంచు కొరికిన గారెలా కాలిపోయింది.

"మంటల్లో ఉంతాదండి ఇది. నిమిసానికి వందలసార్లు తెరుసుకుని పొగని బయటికి తోల్తాది. మరెందుకు కరగదు? మూసుకున్నప్పుడు సీటు మీద, అంటే కన్నం అంచు మీద, కూకుంతాది. ఆ రెప్పపాటులో వేడి సీటుకి దిగిపోద్ది. అదే దానికి సల్లదనం."

"మరి ఆ సందు?"

"సలికి కాళ్లు ముడుసుకున్నోడు ఎండెక్కితే సాపుకోడేటండి? ఇదీ వేడికి సాగుతాది. సాగడానికే ఆ సందు. మీరు మూసేసేరు. సాగేక సీటు మీద పూర్తిగా కూకోడానికి లేక కాలిపోనాది."

మామగారి నాన్న నాటినుంచీ ఆ ఇంజను టకటకమంటూ 'నాకింత చోటుంది' అని చెబుతోంటే, నేను దాన్ని రోగమన్నాను! అంత చిన్న ఇనప ముక్క నిప్పుల్లో నిలబడి పనిచేస్తుంటే, నేను గారెలు తిన్నాను!

నూకరాజు కొత్త వాల్వు అంచుకు గరుకు పేస్టు రాసి, సీటులో కూచోబెట్టి, రబ్బరు కప్పున్న కర్రతో పట్టి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాడు. తుడిచి, దాని మీద కిరసనాయిలు పోశాడు. ఒక్క చుక్క కిందికి దిగలేదు. పల్చటి రేకు పెట్టి సందు కొలిచి వదిలాడు. దణ్ణం పెట్టబుద్ధేసింది, పెట్టాను కూడా. ఇంజను మళ్లీ టకటకమంది. అంత కమ్మటి చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు. నాలుగో రోజు సాయంత్రానికి చెరుకంతా ఆడింది, బెల్లం గట్టిపడింది.

మర్నాడు పొద్దున్నే మామగారు ఇంజనుకు పది బారల దూరంలో ఒక కుర్చీ వేయించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"కూకోండి అల్లుడుగారూ. మీరు కూకుంతేనే మాకు సల్లదనం."

వేడి బెల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం, ఆ కుర్చీ దాటి ముందుకు వెళ్లను.