రెండు బల్లల మధ్య రాయబారి

పెళ్ళికి ముహూర్తం దొరకడం కష్టమని మా పెద్దవాళ్ళు నన్ను చాలా భయపెట్టారు. ముహూర్తం సులభంగానే దొరికింది. దొరకనిది సెలవు.

నాది రేణిగుంటలో ఒక గోడౌన్‌లో ఉద్యోగం. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఒక లారీలో వస్తాయి, ఇంకో లారీలో పోతాయి. మధ్యలో నేను చేసేది గుమాస్తా పనే. రెండు డిగ్రీలు చదివాను కనుక మర్యాదకు కో-ఆర్డినేటర్ అంటారు. మా గదిలో ఎడమ బల్ల స్టోర్స్ సార్‌ది. ఆయనది చిత్తూరు దగ్గరి ఐరాల. సరుకు లోపల భద్రంగా ఉంటే ఆయనకు సంతోషం. కుడి బల్ల డిస్పాచ్ సార్‌ది. ఆయనది తిరుపతి. సరుకు బయటికి పోతే ఆయనకు సంతోషం. మధ్య బల్ల నాది. నా సంతోషం గురించి కంపెనీ ప్రత్యేకంగా ఏమీ ఆలోచించలేదు.

సార్లిద్దరికీ మాటల్లేవు. కారణం రాకెట్టు.

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు మా గోడౌన్ మొత్తం మిద్దె మీద ఉంటుంది. ఆ సాయంత్రం స్టోర్స్ సార్ తూర్పు వైపు సెల్లు పట్టుకుని, ఊపిరి బిగబట్టి వీడియో తీస్తున్నారు. సరిగ్గా నిప్పు పైకి లేచే క్షణంలో డిస్పాచ్ సార్ "అదో, అదో!" అంటూ ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయనది బట్టతల. తిరుపతిలో బట్టతలకు ఒక సౌకర్యం ఉంది: మొక్కు తీర్చుకున్నాడనుకుని ఎవరూ ఏమీ అడగరు. ఆ సౌకర్యం వీడియోతో పోయింది. అందులో ఒక నున్నటి తల నిండుగా ఉంది, దాని నడినెత్తి నుంచి మంట, పొగ కక్కుకుంటూ రాకెట్టు ఆకాశానికి పోయింది. భారతదేశం ఇంత తక్కువ ఖర్చుతో ప్రయోగం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

స్టోర్స్ సార్ కోపంతో దాన్ని ఇంట్లోవాళ్ళకు పంపారు. ఇంట్లోవాళ్ళు సంతోషంతో ఊళ్ళోవాళ్ళకు పంపారు. అడ్డం వచ్చినందుకు ఆయన క్షమాపణ చెప్పాలని ఈయన, ఊరంతా తిప్పినందుకు ఈయన చెప్పాలని ఆయన. ఇద్దరూ నోరు మూసుకున్నారు. అప్పటి నుంచి మాట్లాడే పని నాకొచ్చింది.

"ఆ దున్నపోతుకు సెప్పప్పా, గేటు కాడ లారీ వచ్చుండాదని," అనేవారు ఎడమవైపు నుంచి.

నేను కుడివైపు తిరిగి, "సార్, లారీ వచ్చిందట," అనేవాణ్ణి.

"యాడ పెట్టాలనో అడుగు ఆ మహానుభావుణ్ణి. ఈడేమన్నా ఖాళీ ఉండాదా, కండ్లు కనపడతా ఉండాయా అని అడుగు."

నేను ఎడమవైపు తిరిగి, "ఎక్కడ దించమంటారు, సార్?" అనేవాణ్ణి.

ఆరడుగుల దూరం. ఇద్దరి చెవులూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అయినా నేను చెప్పేదాకా ఎవరికీ వినపడేది కాదు. దున్నపోతు నా దగ్గరికి వచ్చేసరికి సార్ అయ్యేది. మర్యాదకు కంపెనీలో ప్రత్యేక విభాగం ఉంటే అది నా గొంతులో ఉండేది.

ఇక సెలవు సంగతి. నా వారం రోజుల అర్జీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. నా పెళ్ళంటే ఇద్దరికీ ఎంత సంతోషమో చెప్పలేను. ఒకాయన పెళ్ళికూతురి ఊరు అడిగారు, చిత్తూరంటే చాలా మంచి ఊరన్నారు. ఇంకొకాయన భోజనంలో ఏముంటుందని అడిగారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

"నువ్వు పోతే ఆయప్పతో ఎవురు మాట్లాడేది?" అన్నారు స్టోర్స్ సార్ న్యాయంగా.

"నువ్వు లేకుంటే ఈడ పని జరిగేదెట్ల సామీ? పెండ్లి ఆదివారం పెట్టుకోరాదా, పొద్దన చేసుకోని సోమవారం వచ్చేయొచ్చు," అన్నారు డిస్పాచ్ సార్ ఇంకా న్యాయంగా.

పెళ్ళికూతురికి ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను. చిత్తూరులో ఆమె బడిలో టీచరు. అల్లరి పిల్లలను రోజూ చూసే మనిషి.

"ముందు వాళ్ళిద్దరికీ చేసేసి రా అప్పా," అంది. "తర్వాత తీరిగ్గా మనం చేసుకుందాం. మండపానికి మా నాయన అడ్వాన్సు కట్టేసినాడు, ఎవురో ఒకరు చేసుకోండి."

ఇలాంటి సమయంలో హెడ్డాఫీసు నుంచి ఒక మేడం వచ్చారు. పనిచేసే చోట మర్యాద గురించి, ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడం గురించి మాకు శిక్షణ ఇస్తారట. ఆమె తెచ్చిన సంచి నిండా రంగు కాగితాలు, బెలూన్లు ఉన్నాయి. హమాలీలు పుట్టినరోజు పండగనుకుని కేకు కోసం చూశారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, మనిషికి నిద్ర తప్ప ఇంకేదీ అక్కర్లేని వేళలో, ఆమె ఒక ఆట పెట్టారు. ఇద్దరు కుర్చీలు మార్చుకోవాలి. ఒకరు ఇంకొకరుగా మారి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. "ఎవరు వస్తారు?" అన్నారు. గోడౌన్ మొత్తం సార్లిద్దరి వైపు చెయ్యి చూపించింది. మొదటి చెయ్యి నాదని తర్వాత తెలిసింది.

స్టోర్స్ సార్ వెళ్ళి డిస్పాచ్ కుర్చీలో కూర్చున్నారు. ఒకసారి నెత్తి నిమురుకున్నారు. లేని సెల్లు చెవికి పెట్టుకుని, "యాడుండావు సామీ? నాయుడుపేట దాటినావా? నిన్నా ఆడే ఉంటివి గదప్పా! లారీకి కాపురం పెట్టించినావా ఆడ?" అన్నారు. గొంతు, దగ్గు, చివర్న పెదవి విరుపు, అన్నీ అచ్చు ఆయనవే. హమాలీలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మేడం చప్పట్లు కొట్టారు. డిస్పాచ్ సార్ ముఖం ఎర్రగా అయింది. ఆ ఎరుపు పాకడానికి పైన చాలా చోటు ఉంది.

తర్వాత ఆయన వంతు. బిగుసుకుని స్టోర్స్ కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేచి, లేని బీరువాకు తాళం వేసి, లాగి చూసి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూశారు. "ఈడ పెట్టిన పెన్ను ఎవురు తీసింది? సూడండప్పా, నేను శానా సెడ్డోణ్ణి!" అన్నారు. ఇంకోసారి నవ్వులు. ఆ ఊపులో ఆయన కూడా, స్టోర్స్ సార్ ఇంటికి ఫోన్ చేసినట్టు, లేని సెల్లు చెవికి పెట్టుకున్నారు.

"అమ్మా, కాలు ఎట్లుండాది? కట్టు గోక్కోవద్దు తల్లీ. మిద్దె ఎక్కలేకపోతే ఏమి? నాయన మళ్ళా తెస్తాడు గదా నీకు రాకెట్టు. ఈసారి మొత్తం తెస్తాడు, మొదట్నించీ..."

అక్కడ ఆయన లేని సెల్లును మెల్లగా చెవి నుంచి దించేశారు. ఎవరూ నవ్వలేదు.

స్టోర్స్ సార్ లేచి నిలబడ్డారు. "ఆ మాట నీకెట్ల తెల్సు?"

నేను అలవాటుగా కుడివైపు తిరిగి నోరు తెరిచాను. "నువ్వు గమ్మునుండప్పా!" అన్నారు ఇద్దరూ కలిసి.

"ఆరడుగుల దూరంలో కూర్చోనుండా. నాకేమన్నా సెవుడా?" అన్నారు డిస్పాచ్ సార్, ఐరాల గొంతు ఇంకా వదలక.

"తెల్సీ అడ్డం నిలబడితివా?"

"ఆ పొద్దు తెలీదబ్బా. మర్నాడు నువ్వు పాపతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు తెల్సె. సారీ చెప్దామని లేస్తి. అంతలో నువ్వు నన్ను ఊరూరా ఎగరేస్తివి!"

"మా ఇంటోళ్ళకే పంపినా."

"మీ బామ్మర్ది మా కాబోయే వియ్యంకుడికి దోస్తు! ఆయన నాకు ఫోన్ చేసి ఏమన్నాడో తెల్సా? 'బావా, నీ నెత్తిలో ఇంత పొగ ఉండాదని మాకు ముందే చెప్పల్యా' అన్నాడు!"

స్టోర్స్ సార్ నవ్వు ఆపుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించారు. పెదవి కొరికారు, కిటికీ వైపు చూశారు, చివరికి బల్ల పట్టుకుని వంగిపోయారు. "తప్పు నాదేలేప్పా," అన్నారు కండ్లు తుడుచుకుంటూ. "సగం."

"సగమా? ముక్కాలు!"

"నువ్వు అడ్డం రాకుంటే నేను పంపేదెట్ల? సగమే."

గొంతులు పెరిగాయి. మేడం కంగారుగా, "ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలి, గొంతు తగ్గించి..." అంటూ లేవబోయారు. నేను ఆమెకు రెండు చేతులూ జోడించాను. వాళ్ళను అరుచుకోనివ్వమని కళ్ళతోనే వేడుకున్నాను. ఆ మేడం చాలా మంచి మనిషి. కూర్చుని ఒక బెలూన్ ఊదుకున్నారు.

సగం దగ్గర బేరం తెగింది. నేను ఆలస్యం చేయకుండా అర్జీ, పెన్ను తెచ్చి ఇద్దరి మధ్య పెట్టాను.

"వారం చాలునా పెండ్లికి? మనిషివేనా నువ్వు?" అని స్టోర్స్ సార్ దాన్ని కొట్టేసి పది రోజులు చేశారు.

"పదేంది, పిసినారితనం!" అని డిస్పాచ్ సార్ పదిహేను చేశారు.

స్టోర్స్ సార్ పెన్ను లాక్కున్నారు. వాళ్ళు ఇరవై దగ్గర ఆగింది పెద్దమనసు అయిపోయి కాదు, కాగితంలో చోటు అయిపోయి. ఇద్దరూ సంతకం పెట్టారు. తర్వాత పెళ్ళికి ఎవరి బండిలో పోవాలన్న దాని మీద మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నా అవసరం రాలేదు.

బయటికొచ్చి చిత్తూరుకు ఫోన్ చేసి, ఊపిరాడని సంతోషంతో ఇరవై రోజులని చెప్పాను.

"ఇరవై రోజులా?" అంది. "పెండ్లి రెండు రోజులు గదప్పా. తక్కిన పద్దెనిమిది రోజులు నిన్ను ఇంట్లో పెట్టుకోని నేనేం చేసేది?"