ఒక్క గీత పడని తాళం

మా ఆయన ఇరవై రెండేళ్ళుగా ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆ లోటు నేను తీరుస్తాను. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు.

మా అమ్మాయికి సైకిల్ పిచ్చి. పక్కింటివాళ్ళ డొక్కు సైకిల్ మీదే పోటీల్లో రెండో స్థానం కొట్టుకొచ్చింది. దాంతో ఈయన ఏడాదిన్నర పాటు ఓవర్‌టైం చేసి దానికి అసలైన రేసు సైకిల్ కొన్నాడు. రెండు వేళ్ళతో ఎత్తొచ్చు, అంత తేలిక. మెట్ల కింద పెట్టి బజారు తాళం వేశాం. నెల తిరక్కముందే ఎవడో ఆ తాళం కోసేశాడు. పైవాటా తాతగారు గట్టిగా దగ్గబట్టి వాడు సైకిల్ వదిలేసి పారిపోయాడు.

దొంగ దొరకలేదు, మొగుడు దొరికాడు. వాటాలవాళ్ళందరి ముందూ కడిగేశాను. "రోజంతా ఇనుము కోస్తారు. కన్నకూతురి సైకిల్‌కి గట్టి తాళం ఒకటి వేయలేకపోయారు. ఎందుకండీ ఆ చేతులు?"

ఆయన మూడు నెలలు భోజనాల వేళ మిషన్ దగ్గరే నిలబడి, ఉక్కుని కాల్చి నూనెలో ముంచి, సొంతంగా ఒక తాళం చేశాడు. గోడలో పాతిన రింగు కూడా ఆ ఉక్కుతోనే చేశాడు. సైకిల్ కంటే తాళమే బరువుందని పైవాటా తాతగారు నవ్వేవారు. నొక్కితే తాళం పడుతుంది, తీయాలంటే మాత్రం తాళంచెవి కావాలి. అది ఒక్కటే చేసి, తాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

"ఇంకోటి చేసి ఇంట్లో ఉంచండి" అన్నాను.

"ఇంకోటి ఉంటే దొంగ చేతిలో ఉన్నట్టే."

సరేలెమ్మని ఊరుకున్నాను. అన్నింటికీ గొంతు చించుకునేదాన్ని, అక్కడే ఎందుకు ఊరుకున్నానో.

జిల్లా సైకిల్ జట్టులోకి ఎంపికల రోజు వచ్చింది. పద్దెనిమిది దాటితే తీసుకోరు, అమ్మాయికి అదే ఆఖరి అవకాశం. ఎవరి సైకిల్ వాళ్ళే తెచ్చుకోవాలి. తెల్లవారుతూనే ఆయన తాళం తీసి, సైకిల్ తుడిచి, చైనుకి నూనె రాసి, "తీసే ఉంచాను, జాగ్రత్తగా వెళ్ళు తల్లీ" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఏడింటికి అది బూట్లు వేసుకుని కిందికి దిగింది. తాళం వేసే ఉంది. పని అయ్యాక తాళం నొక్కడం ఆయన చేతికి అలవాటు. చెయ్యి నొక్కేసింది, మనిషికి తెలియలేదు.

వర్క్‌షాపు ఊరికి ఆ చివర. లోపలికి వెళ్ళేముందు ఫోన్లూ, మెడలో వేసుకునేవీ గేటు దగ్గర పెట్టెలో పడేస్తారు. నేను ఆటోలో పరుగెత్తాను. అమ్మాయి ఎదురింటివాళ్ళ దగ్గర రంపం తెచ్చి కోయడం మొదలుపెట్టింది. గేటు దగ్గర కాపలావాణ్ణి బతిమాలి, పెట్టెలోంచి ఆ తాళంచెవి తాడు తీసుకుని ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎనిమిదిన్నరకే ఎంపికలు మొదలయ్యాయి. ఆయనకి విషయం చెప్పమని కాపలావాడికి చెప్పాను. వాడు సాయంత్రం "మీ ఆవిడ తాళంచెవి పట్టుకెళ్ళింది" అని మాత్రమే అన్నాడట, అమ్మాయి తిరిగొచ్చాక కావాలేమో అనుకున్నాడట ఈయన.

సాయంత్రం ఆయన వచ్చి మెట్ల కింద ఆగాడు. సైకిల్ ఉంది, తాళం ఉంది, కింద అయిదు విరిగిన రంపం బ్లేడ్లు ఉన్నాయి. వంగి తాళాన్ని వేలితో తడిమి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"చూశావా, దొంగ వెధవ మళ్ళీ వచ్చాడు" అన్నాడు నాతో. "అయిదు బ్లేడ్లు విరిగాయి. ఒక్క గీత పడలేదు. ఇప్పుడు చెప్పు, ఎందుకీ చేతులు?"

ఆ మాట ఇన్నాళ్ళూ లోపల పెట్టుకుని తిరిగాడని నాకు అప్పుడే తెలిసింది. మెట్ల మీద కూర్చున్న అమ్మాయి అరచేతులు చూపించింది. బొబ్బలు చితికి ఉన్నాయి.

"దొంగ కాదు నాన్నా, నేనే."