ముహూర్తం బుధవారమే

దేశమంతటికీ రాబోయే ఐదు రోజుల వాతావరణం టీవీలో చెప్పారు. రాజస్థాన్ పొడిగాలీ, ఢిల్లీ పొగమంచూ తీరిగ్గా చదివాక, చివర్న మనకి ఒక్క వాక్యం విదిల్చారు: ఉత్తర కోస్తాలో తుపాను, జాలర్లు వేటకు వెళ్ళరాదు. అది అయ్యీ అవగానే బారువ దగ్గరి పల్లె నుంచి మా అమ్మాయి ఫోను.

"నానా, పలాసోళ్ళు పెళ్ళి ఆపీమంటన్నారు."

బుధవారం పొద్దున్న పలాస కుర్రాడితో నా మనవరాలి పెళ్ళి. గాలికి వాయిదా వేసిన పెళ్ళి ఏమవుతుందో నాకు తెలుసు. మా చెల్లెలికీ అలాగే 'గాలి తగ్గాక చూద్దాం' అన్నారు. గాలి తగ్గింది, పెళ్ళివారు తిరిగి రాలేదు. మా చెల్లెలు ఆనాటి నుంచి ఏ పెళ్ళి బంతిలోనూ కూర్చోలేదు.

సోమవారం ఏడింటికి టెక్కలిలో పలాస బస్సెక్కాను. గొడుగు తీసుకోలేదు.

"తుపానుకి ఎదురెల్తన్నావేటి తాతా?" అంది పక్క సీటావిడ.

"అదే నాకెదురొత్తంది," అన్నాను.

పలాసలో పెళ్ళికొడుకు తండ్రి జీడిపిక్కల బస్తాల మీద టార్పాలిన్ కప్పుతున్నాడు.

"తుపాన్లో పెళ్ళేటి మావా? జనం రారు."

"ఎందుకు రారు? మామూలప్పుడైతే సగం మంది సముద్రంలో ఉంటారు. ఇప్పుడు ఏట బందు. ఊరంతా ఒడ్డునే ఉంది."

"పందిరెగిరిపోద్ది. ఎగరని పందిరి సూపించు, వొత్తాం."

ఎగరని పందిరి ఎక్కడ దొరుకుతుందా అనుకుంటూ స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆలస్యంగా వచ్చిన పాసింజరులో బారువ చేరి, ఆటోలో పల్లెకు వెళ్ళాను. పడవలు ఒడ్డు మీదికి లాగేసి కొబ్బరి మొదళ్ళకు కట్టారు. మా అమ్మాయి వాకిట్లో సగం వేసిన పందిరి అప్పుడే ఊగుతోంది. వీధిలో మైకు ఆటో తిరుగుతోంది: రేపు సాయంత్రానికి అందరూ తుపాను షెల్టరుకి చేరాలి.

తిన్నగా ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళి షెల్టరు అడిగాను.

"అది తుపానోళ్ళకి మావా, పెళ్ళోళ్ళకి కాదు."

"ఇద్దరూ ఒకరే కాదేటి? ఎలాగా ఊరందరికీ అక్కడే వండాల. ఆ వండేదేదో పెళ్ళి వంట సేసీండి."

ఆయన నవ్వి సరేనన్నాడు. పెళ్ళికొడుకు తండ్రికి ఫోన్ చేసి, మీరడిగిన పందిరి సిమెంటుది దొరికిందన్నాను. షెల్టరు గోడలెంత మందమో కూడా అడిగాడు.

"పాయసంలోకి జీడిపప్పు నాను తెత్తాను మావా," అన్నాడు చివరికి.

మంగళవారం మధ్యాహ్నానికే పెళ్ళివారు వ్యానులో దిగారు. బుధవారం షెల్టరు కిటికీలు దడదడలాడుతుంటే, ఆ హోరులో సన్నాయి ఎవరికీ వినబడకుండానే తాళి కట్టించాం. తిని వెళ్ళిపోదామన్నా కదలగలిగిన చుట్టం ఒక్కడూ లేడు. మా చెల్లెలు మొదటి బంతిలో కూర్చుని పాయసం రెండోసారి అడిగింది.

శుక్రవారం రైళ్ళు కదిలాయి. పల్లెలో కొబ్బరిచెట్లు కొన్ని ఒరిగాయి, పడవలు నిలిచాయి. పలాసలో దిగి టీ తాగుతుంటే, కొట్టువాడు ఫోనులో మళ్ళీ దేశ వాతావరణం చూస్తున్నాడు.

"ఇంకో అల్పపీడనమంట తాతా."

"రానీ," అన్నాను, టెక్కలి బస్సు వైపు నడుస్తూ. "నాకింకో మనవరాలుంది."