దండ వేసిన రోబో

తమ్ముడు పోయిన ఏడాదికి, అతను పాఠాలు చెప్పిన ఓర్వకల్లు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు అతని పేరుతో రోబోల పరీక్ష పెట్టారు. అక్కను కాబట్టి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. రెండువేల సంవత్సరం దాటాక మా వైపు గుట్టకొక ఇంజనీరింగ్ కాలేజీ లేచింది. అన్నిటికీ ముందు గేటు కట్టారు, తరవాత తీరిగ్గా ల్యాబు.

మనిషి చెయ్యి పడకుండా తన దారి తాను చూసుకుని నడిచే యంత్రాన్ని ఎట్లా అంచనా వేయాలన్నది తమ్ముడికి పట్టిన పిచ్చి. అతను పెట్టిన నియమాలు నాకు కూడా అర్థమయ్యేంత చిన్నవి. గదిలో కుర్చీలు అడ్డం పెట్టాలి. రోబో వాటిని తప్పించుకుని ఎదుటి గోడ దాకా పోవాలి. స్విచ్ వేశాక ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతిసారీ కుర్చీల చోటు మార్చి, మొత్తం పదిసార్లు నడిపించాలి. గుద్దుకున్నవి కూడా లెక్కలోకి రావాలి.

"ఒకసారి నడిపి సూపిస్తే అది సినిమా అక్కా. పదిసార్లు నడిపితేనే పరీక్ష" అనేవాడు.

అతను బతికుండగా ఆ పరీక్షను కాలేజీ ఒక్కసారీ జరపనివ్వలేదు. కరస్పాండెంటు గారు ఆ సంగతి వదిలేసి, తమ్ముడు కాలేజీకి ప్రాణమని ఉపన్యాసం ఇచ్చారు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ తమ్ముడి బొమ్మకన్నా పెద్దది.

తరవాత ఒక విద్యార్థిని చేసిన రోబోకు పూజ. కొత్త లారీకి చేసినట్టే చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చక్రాలు నిమ్మకాయంత కూడా లేవు. రోబోకు ముందువైపు రెండు గుండ్రటి కళ్లున్నాయి. ఎదురుగా ఏదైనా ఉంటే పసిగట్టేవి అవే. కరస్పాండెంటు గారు సరిగ్గా వాటి ముందు పడేట్టు చామంతి దండ వేసి, దణ్ణం పెట్టి, స్విచ్ నొక్కారు.

రోబో వెనక్కి నడిచింది. దాని లెక్కకు దండే గోడ. ఎంత వెనక్కి పోయినా గోడ వెంటే వస్తోంది. చివరికి వచ్చిన తలుపు దగ్గరికే పోయి ఆగింది.

"ఏమిది, ఎనక్కి పోతాండాదే?" అన్నారు కరస్పాండెంటు గారు.

దాన్ని తయారు చేసిన అమ్మాయి మెల్లగా చెప్పింది. "దండ అడ్డమొచ్చినాది సార్. తీసేస్తే ముందుకు పోతాది."

"పూజలో ఏసిన దండ తీస్తారా ఎవరన్నా? అపశకునం మాటలు మాట్లాడొద్దు పాపా."

తీర్పు చెప్పడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "కుర్చీలకైతే తగల్లేదు సార్. ఎనక్కి పోగూడదని నియమాల్లో యాడా లేదు."

"అదీ మాట! పెద్దోళ్లను సూసి ఎట్ల ఎనక్కి తగ్గిందో సూడండప్పా. మా పిల్లోళ్లకే ఇంత మర్యాద రాలేదు."

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. తమ్ముడి నియమాల ప్రకారం రోబో ఫస్టు క్లాసులో పాసయిందని మైకులో చెప్పారు. మిగిలిన తొమ్మిదిసార్ల సంగతి అడిగాను.

"భక్ష్యాలు సల్లారిపోతాయమ్మా" అన్నారు కరస్పాండెంటు గారు.

"అయితే మా తమ్ముడి పేరు తీసెయ్యండి. పేరు ఉండాలంటే దండ తీసి, పదిసార్లూ నడిపించండి."

ఆయన దండ వైపు చూశారు, ఫ్లెక్సీ వైపు చూశారు. రెండిట్లో సులువైనది ఎంచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అటెండరును పిలిచి, "ఆ పేరు మీద ఒక తెల్లకాగితం అంటించప్పా. మేడంకు మనసు బాగలేదు" అన్నారు.

జిగురు దొరకలేదు. అటెండరు వంటల దగ్గరికి పోయి గుప్పెడు అన్నం తెచ్చి, మెతుకులు నలిపి అంటించాడు. కాగితం వంకరగా పడింది. సరిచేయమని నేను అడగలేదు. దగ్గరికి వెళ్లి పేరు పూర్తిగా కప్పిందో లేదో మాత్రం చూశాను. కప్పింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటుంటే నేను రోడ్డు మీదికొచ్చి కర్నూలు బస్సు ఎక్కాను.