మా తాతయ్య కళ్ళకు గంతలు

నా చిన్నప్పుడు దొనకొండ నుంచి కొమరోలు దాకా మా తాతయ్యను ఎరగని రైతు లేడంటే గొప్పలు చెబుతున్నాననుకోకండి. ఆయన నీళ్ళ జాడ చూసేవాడు. రెండుగా చీలిన పచ్చి వేపపుల్ల, దాన్ని మేము పంగ అనేవాళ్ళం, రెండు చేతులతో పట్టుకొని చేనంతా నడిచేవాడు. ఒకచోట ఆ పంగ కొస తనంతట తానే నేలవైపు వంగేది. అక్కడ బోరు వేయించుకునేవారు. నీళ్ళు పడితే మా తాతయ్య చేతి చలవ, పడకపోతే ఆ రైతు తలరాత. ఈ ఏర్పాటు అందరికీ బాగానే ఉండేది.

మా చిన్నత్త తాతయ్యకు కడగొట్టు కూతురు. మా ఊరి నుంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. అక్కడ హాస్టల్లో ఉండి బీయస్సీ చదివేది. ఒక ప్రొఫెసరుగారి దగ్గర పరిశోధనలో చేరాలని ఆమెకు ప్రాణం. ఇంకా డిగ్రీ అయినా పూర్తికాని పిల్లను చేర్చుకోవడానికి ఆయన ఒక షరతు పెట్టారు. వేసవి సెలవుల్లో ఊరికి పోయి, నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి పట్టుకొని, తనంతట తానే తేల్చుకొని రావాలి. అట్లా వస్తే లాబ్‌లో చోటు ఆమెది, రాకపోతే ఇంకొకరిది.

చిన్నత్త వచ్చింది గానీ ప్రశ్న రాలేదు. చీమల బారు ముందు పిండి పోసుకొని ఒక పూటంతా కూర్చుంది. మేకల్లో నల్లవి ఎక్కువ మేస్తాయా, తెల్లవి ఎక్కువ మేస్తాయా అని వాటి వెంట ఎండలో తిరిగింది. పిల్లకు వడదెబ్బ తగిలిందని మా అవ్వ మజ్జిగ మీద మజ్జిగ తాగించింది. సెలవులు సగం అయిపోయాయి. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని చిన్నత్త ఏడ్చేసింది.

"నాకేం తెలుసని నాయనా, ఆ చదువుకున్నోళ్ళ మధ్యలో కూర్చోవాల? నేను పోను."

"నువ్వు నిజంగా తెలుసుకోవాలనుకునేది ఒక్కటీ లేదా అమ్మా?" అని తాతయ్య అడిగాడు.

ఆమె కళ్ళు ఒక్కసారి మూలకు పోయి వచ్చాయి. ఆ మూలన గోడకు ఆనించి పంగ ఉంది. తాతయ్య కూడా అటు చూశాడు. వడ్డిస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఇక చిన్నత్తకు దెబ్బలు తప్పవనుకొని నేను నా కంచం వెనక్కి జరుపుకున్నాను.

తాతయ్య పకపకా నవ్వాడు. "నాకూ ఆ అనుమానం ఉంది లే. అడిగేటోళ్ళు లేక ఊరుకున్న్యా."

"నీ పేరు పోతాది నాయనా."

"ఏందమ్మా, నా పేరు కోసం నీ చదువు పోగొట్టుకుంటావా? అన్నం తిను ముందు."

చిన్నత్త ఆలోచన చాలా తేలిక. మా బీడులో తాతయ్య ముందు కళ్ళు తెరుచుకొని నడుస్తాడు. పంగ వంగిన చోట గుర్తు పెట్టాలి. తర్వాత కళ్ళకు గంతలు కట్టి నడిపించాలి. కింద నీళ్ళుండి వంగుతుంటే మళ్ళీ ఆ చోటనే వంగాలి కదా. గుర్తులకు మార్కాపురం గనుల దగ్గర పారేసిన పలక ముక్కలు గంపెడు తెప్పించింది.

ఆదివారం చర్చి అయ్యాక పెట్టుకున్నారు. ఆ రోజు నేను లేను. గవదబిళ్ళలు వచ్చి, బుగ్గలు బూరెల్లా ఉబ్బి, ఇంట్లో పడి ఉన్నాను. జరిగింది తర్వాత పదిమంది పది రకాలుగా చెప్పారు. ఊరు ఊరంతా పోయింది. తాతయ్య కళ్ళు తెరిచి నడిచినప్పుడు పంగ ఒకచోట చక్కగా వంగింది. గంతలు కట్టి, చిన్నత్త ఆయన మోచెయ్యి పట్టుకొని నడిపిస్తుంటే మాత్రం జనం ఊరుకోలేకపోయారు. వాళ్ళకు తాతయ్య మీద ఉన్న ప్రేమ అట్లాంటిది. "కుడికి మామా, కుడికి!" అని ఒకరు, "దాటిపోయినావు పెద్దనాయనా, వెనక్కి రా!" అని ఇంకొకరు. పంగ సరిగ్గా పాత గుర్తు మీదే వంగింది. ఊరు ఈలలు వేసింది. చిన్నత్త ముఖం చిన్నబోయింది.

తాతయ్య గంతలు పీకేశాడు. "గంతలు కట్టాల్సింది నా కండ్లకు కాదు, మీ నోళ్ళకు!" అని అందరినీ తిట్టాడు. తర్వాత చిన్నత్త వైపు తిరిగి, "నువ్వు గూడా పనికిరావమ్మా. ఆ చోటు కాడికి పోంగానే నీ చెయ్యి బిగుసుకుంటా ఉంది. నాకు తెలిసిపోతా ఉంది" అన్నాడు. గెలిచి కూర్చున్న మనిషి తన గెలుపును తానే కొట్టేసుకున్నాడు. ఆ మాట వినిపించినప్పుడల్లా మా అవ్వకు కోపం, నాకు సంబరం.

ఇక ఆ చోటు తెలియని వాళ్ళు కావాలి. ఊళ్ళో అందరూ చూసేశారు. తాతయ్య ఇంటికొచ్చి, మంచంలో ఉన్న నన్ను చూసి, "ఇదిగో దొరికింది! ఏమీ తెలవని మనిషి!" అని కేక పెట్టాడు. ఏమీ తెలియదని నన్ను అంతకుముందు బడిలో నిలబెట్టారు, ఇంట్లో కసిరారు. అదే సంగతి ఒకరు పండగలాగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అప్పటి నుంచి ఆ చోటు సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తకుండా తాతయ్య కాపలా కాశాడు.

పై ఆదివారానికి నా బుగ్గలు తగ్గాయి. చిన్నత్త మొదటి పలకను మన్ను కప్పి కనపడకుండా చేసింది. తాతయ్య ఊరందరినీ గట్టు మీద కూర్చోబెట్టి, నల్లమల వైపు ముఖాలు తిప్పించాడు. చిన్నత్తను కూడా తిప్పించాడు. అవ్వ పాత చీర ముక్కతో గంతలు కట్టింది. తాతయ్య నడుముకు కట్టిన తువ్వాలు కొస పట్టుకొని నేను నడిచాను. పంగ వంగినప్పుడల్లా ఒక పలక ముక్క పెట్టడం నా పని. నాకు బుద్ధి పుట్టినట్టు తిప్పాను. ఒకసారి ముళ్ళకంపలోకి తీసుకుపోయాను, పాపం, కాళ్ళు గీరుకుపోయినా కసరలేదు. మధ్యమధ్యలో గుక్కెడు నీళ్ళకని ఆగినప్పుడు ఆయనకు తువ్వాలు కాదని చెయ్యే అందించాను. ఆ చెయ్యి గరుగ్గా, వదులుగా నా చేతిలో ఉంది. ఎక్కడికి తీసుకుపోతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

పొద్దు వాలాక అందరూ ఇటు తిరిగారు. పలక ముక్కలు బీడంతా విత్తనాలు చల్లినట్టు పడి ఉన్నాయి. చిన్నత్త మన్ను తీసి మొదటి పలక చూపించింది. ఒకే ఒక ముక్క దానికి కొంచెం దగ్గరగా పడింది. ఊరి జనం దాని చుట్టూ చేరి గంతులు వేశారు.

"మిగతా పలకలు ఏం పాపం చేసినాయిరా?" అన్నాడు తాతయ్య.

చిన్నత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఏమీ తేలలేదు నాయనా" అంది. తండ్రి పరువు తీశానన్న దుఃఖం ఒకటి, చేతిలో చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదన్న దుఃఖం ఒకటి.

"తేలకపోవడమేంది? పంగకు తెలవదని తేలింది గదా! ఇన్నేండ్ల నుంచి నాకు తేలనిది ఇయ్యాల తేల్చినావు. పో, పోయి మీ సారుకు ఇదే చెప్పు." అని తాతయ్య చేతిలోని పంగను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. దాని కొస కొరికి, నమిలి, "పండ్లు తోముకోను పనికొస్తాది లే" అన్నాడు. ముందు అవ్వ నవ్వింది. తర్వాత బీడంతా నవ్వింది.

చిన్నత్త యూనివర్సిటీకి పోయి జరిగింది జరిగినట్టు చెప్పింది. అంతా విన్న ప్రొఫెసరుగారు అడిగింది ఒక్కటేనట, మీ నాయనను నడిపించింది ఎవరని. ఏమీ తెలియని మా మేనకోడలు అని చెప్పగానే ఆయన నవ్వి, లాబ్‌లో ఒక స్టూలు చూపించి, అది నీది అన్నారట. ఆ కబురు వచ్చిన రోజు తాతయ్య కురిచేడు దాకా పోయి లడ్లు తెచ్చి పంచాడు. నీళ్ళ జాడ కోసం మనుషులు ఆ తర్వాత కూడా వచ్చేవారు. "పంగ వంగుతాది నాయనా. ఎందుకు వంగుతాదో నాకు తెలవదు. కింద నీళ్ళుండి మాత్రం కాదు" అని, గంతల కథంతా మొదటి నుంచి చెప్పి, మజ్జిగ పోసి పంపేవాడు. ఆయన పేరు పోలేదు. కథ వినడానికే వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

మొన్న మా మనవరాలు గిద్దలూరు నుంచి ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాది. వాళ్ళ మేడం చేస్తున్న పరిశోధనలో చేరాలని ఉందట, అడగాలంటే భయమట. "నాకేం తెలవదు గదా అవ్వా, పొమ్మంటే?" అంది. నేను ఈ కథంతా చెప్పి, పోయి నాకేం తెలవదనే చెప్పు, తెలుసుకోవాలని ఉందని కూడా చెప్పు అన్నాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది. మేడం రమ్మన్నారట. నేను చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టాను.

తెలియదని చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఎవరైనా ఆ మాట చెప్పి తల దించుకుంటే మాత్రం నా అరచేతిలో ఆ గరుకు చెయ్యి కదులుతుంది. ఊరు ఊరంతా తెలిసినవాళ్ళు ఉండగా, మా తాతయ్య తన పేరంతా పణంగా పెట్టి పట్టుకున్నది ఏమీ తెలియని నా చెయ్యినే.