ఊచల్లోంచి వచ్చిన మురుకు

నా చిన్నప్పుడు ఒకసారి తాండూరు పట్టణం మొత్తం నా కోసం పొయ్యి మీద నూనె మూకుడు పెట్టడం మానేసింది. బజారులో మిర్చీలు లేవు, స్టేషను దగ్గర పూరీలు లేవు. మనవలకు ఈ కథ నేను ఇలాగే చెబుతుంటాను. నిజానికి మానేసింది పట్టణం కాదు, మా వాడ. వాడ కూడా కాదు లెండి, మా ఇల్లూ పక్కిల్లూ. కానీ ఆ రెండిళ్ళ మధ్య నడిచిన సంగతిలో మాత్రం కల్పన లేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. ఎండాకాలం మొదట్లో ఒళ్ళంతా నీటి పొక్కులు లేచాయి. మా నానమ్మ చూసి, అమ్మతల్లి పోసిందని చేతులు జోడించి, నన్ను వెనక గదిలోకి చేర్చింది. మా వైపు ఇళ్ళకు నేలా గోడలూ అన్నీ బండలే. ఆ చల్లటి బండ మీద వేపాకు పరిచి, పైన పాత ధోవతి కప్పి, ఇక నీ లోకం ఇదే అంది. నేను గడప దాటకూడదు, పిల్లలెవరూ లోపలికి రాకూడదు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళు మూకుడు పెట్టకూడదు, పోపు వేయకూడదు. నూనె వాసన తగిలితే తల్లికి కోపం వస్తుందని మావాళ్ళ నమ్మకం. పొక్కులన్నీ మాడి, వేపాకు నీళ్ళతో తలస్నానం చేయించిన రోజే నాకు విడుదల.

ఆ గదికి పెరటి వైపు చిన్న కిటికీ ఒక్కటే. ఊచలు ఎంత దగ్గరగా ఉండేవంటే వేళ్ళు దూరేవి కానీ గుప్పిలి దూరేది కాదు. బయట మా జట్టు చిర్రగోనె, అదే బిళ్ళంగోడు, ఆడుతున్న చప్పుడు వినబడేది. లోపల నేను గోడబండల మీది చారలను దారులుగా ఊహించుకుని, వాటి వెంబడి వేలితో ప్రయాణాలు చేసేవాణ్ణి. ప్రతి దారీ బండ అంచు దగ్గర ఆగిపోయేది.

పక్కింటి అక్కకు ఆ మాఘంలోనే పెళ్ళయింది. అత్తగారిల్లు కొడంగల్. ఇంకా కాపురానికి పంపలేదు. ఆడపిల్లను సాగనంపేటప్పుడు సారె పెట్టాలి కదా, గంపల కొద్దీ మురుకులూ సకినాలూ గరిజెలూ. పిండి కూడా పట్టించి పెట్టుకున్నారు. కానీ రెండిళ్ళకూ ఉన్నది ఒకటే గోడ. వాళ్ళు మూకుడు పెడితే వాసన నేరుగా నా గదిలోకే వస్తుంది. అందుకని నేను లేచేదాకా వాళ్ళూ ఆగారు. సారె లేనిదే బండి కదలదు.

అక్కకు చిన్నప్పుడే ఈ పొక్కులు వచ్చి పోయాయి కాబట్టి భయం లేదు. రోజూ మధ్యాహ్నం పెరట్లోకి వచ్చి కిటికీ దగ్గర కూర్చునేది. కథలు చెప్పేది, నన్ను ఏడిపించేది. వచ్చీ రాగానే మాత్రం ఒకటే ప్రశ్న.

"ఏం తమ్మీ, ఎన్ని మాడినయ్?"

"అన్నీ మాడినయక్కా! రేపో మాపో లేస్త. నీ మురుకులల్ల మొదటిది నాదే."

ఒకరోజు ఆ మాటకు ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"గంత తొందరేందిరా? జర నిమ్మళంగ తగ్గనియ్యరాదు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వొచ్చి పండు గీడ, తెలుస్తది!"

"నువ్వు లేస్తే మా ఇంట్ల మూకుడెక్కుతది. మూకుడెక్కితే నేను బండెక్కాలె. పెండ్లప్పుడు ఆడ, అత్తగారింట్ల, నన్నొక అర్రల కూసోవెట్టిన్రు. కిటికి నెత్తికంటె మీదికుండె. మునివేళ్ళ మీద నిలవడ్డా మొగులు తప్ప ఏం కనవడలె. ఈడనైతే నీ కోతిమొఖమన్న కనవడుతది."

అంతవరకు బందీని నేనొక్కణ్ణే అనుకుంటున్నాను. నేను బయటపడే తలుపూ, ఆమె మీద మూసుకునే తలుపూ ఒక్కటేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు నానమ్మ నన్ను వెలుగులోకి తిప్పి చూసింది. పొక్కులన్నీ మాడి రాలిపోయాయి. నీళ్ళు కాగబెట్టమని అమ్మను పిలవబోతుంటే, వీపు దురద పెడుతోందని అనేశాను. నమ్మించడానికి గోక్కున్నాను కూడా. నానమ్మ నా వీపు చూసింది, కిటికీ వైపు చూసింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అక్క కోసం నెల రోజులు ఖైదు అనుభవించాను. నెల కాదు, రెండు రోజులు. కానీ ఏ జబ్బూ లేని ఒంటితో ఆ గదిలో రెండు రోజులు ఉండి చూడండి, తర్వాత నన్ను అబద్ధాలకోరు అనండి. జబ్బున్నప్పుడు అది పడకగది. జబ్బు పోయాక బోను. గోడలు దగ్గరికి జరిగాయి. రెండో మధ్యాహ్నం అక్క వచ్చేసరికి ఊచలు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాను.

ఆమె నా చేతుల వంక, ముఖం వంక చూసింది. పొక్కులేవని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"పిచ్చి పోరడా! నా కోసానికి నువ్వు లోపట కూసుంటే, నేను బయట ఉన్నట్టా?"

లేచి చీర దులుపుకుని, మా ముందు వాకిట్లోంచి నేరుగా నానమ్మ దగ్గరికి వెళ్ళింది. మాటలు నాకు తలుపు అవతల వినబడ్డాయి.

"అవ్వా, వానికి నీళ్ళు పొయ్యండ్రి. మంచిగైండు. మూకుడు పెట్టుమని మా అమ్మకు నేనే చెప్త."

"నాకెరుకే బిడ్డా. ఇద్దరిల ఎవరు ముందుగాల చెప్తరో అని చూస్తున్న" అంది నానమ్మ.

నాకు స్నానమైంది. కానీ తడి తలతో గాలిలో తిరగకూడదని, మర్నాటి దాకా అదే గదిలో ఉంచారు. గోడ అవతల నూనె చిటపటలాడింది. నువ్వులూ వామూ కలిసిన వాసన బండల సందుల్లోంచి వచ్చింది. అంతలో కిటికీ దగ్గర గాజుల చప్పుడు. చుట్టలు చుట్టిన మురుకు ఆ ఊచల్లో పట్టదు. అందుకని అక్క మురుకుల గొట్టాన్ని తిప్పకుండా నిటారుగా వత్తి, కర్రలాగా వేయించి తెచ్చింది. పొడుగునా గట్లు గట్లుగా, చేతిలో చురుక్కుమనేంత వేడిగా ఉంది. మొదటి వాయి దేవుడికి పెట్టాలి. ఆమె నాకు పెట్టింది.

తెల్లవారి నేను వీధిలో ఉన్నాను, ఆమె గూడుబండిలో ఉంది. బండి మలుపు తిరిగే దాకా తెర సందులోంచి చేయి ఊపుతూనే ఉంది. ఆషాఢంలో పుట్టింటికి వచ్చినప్పుడు చెప్పింది, అత్తగారింటి ఆ అర్రలో, అంటే ఆ గదిలో, ఉన్న కందుల మూటను కిటికీ కిందికి జరుపుకుందట. దాని మీదికెక్కితే కొడంగల్ బజారంతా కనబడుతుందట.

మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి చుర్రోస్ అనేవి తెచ్చింది. నూనెలో వేయించే స్పెయిను దేశపు పిండివంటట, ఇప్పుడు లోకమంతా తింటున్నారట. అవే గట్లు, అదే నిటారు, పైన చక్కెరా దాల్చినచెక్క పొడీ. నాకు చక్కెర జబ్బు, కోడలు నా దగ్గరికి తీపి రానివ్వదు. అందుకని ఆ పిల్ల పెరట్లోకి పోయి, కిటికీ ఊచల్లోంచి ఒకటి అందించింది. ఇది మా పక్కింటి అక్క కనిపెట్టిందేనని, స్పెయినుకు తాండూరు నుంచే పోయిందని దానికి చెప్పాను. అది నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

నా కోసం ఎవరైనా ఒక తలుపు తెరిస్తే, అందువల్ల వాళ్ళ మీద ఏ తలుపు మూసుకుంటుందోనని అడగడం అక్క నాకు చేసిన అలవాటు. మనవరాలినీ అడిగాను.

"నాకిచ్చినవ్ గని, మీ అమ్మ నిన్నేమన్న అంటదేమో బిడ్డా?"

అడిగాకే కొరికానని రాద్దామనుకున్నాను. లేదు, కొరికాకే అడిగాను.