రోబోని తినమన్న పిన్ని

చోడవరంలో మా పిన్నికి టీవీలో వాళ్లతో మాట్లాడే అలవాటుండేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని ఒక పాత సైన్స్ సీరియల్ చూసేవాణ్ణి. అందులో ఒక ఎపిసోడ్‌లో ఇంటివాళ్లంతా చనిపోతారు. ఆ సంగతి తెలియని రోబో రోజూ వాళ్లకి కంచాలు పెట్టి ఎదురుచూస్తుంది. అది తెరమీదికి వచ్చినప్పుడల్లా పిన్ని, పొలంలో చెరుకు కొట్టే మనిషిని కేకేసినట్టు, దాన్ని కేకేసేది.

"ఒరే బాబూ, ఆళ్లింక రార్రా. నువ్వు తినీసి తొంగో."

"అది మిషను పిన్నీ, తినదు" అని నేను నవ్వేవాణ్ణి.

"మిషనైతే మాత్రం? పొద్దుట్నుంచి ఒక్కడే సేస్తన్నాడు, ఆకలెయ్యదేటి?"

పిన్ని చనిపోయిన నెల రోజులకి బాబాయిని చూడ్డానికి వెళ్లాను. ఆ ఎపిసోడ్ ఫోన్లో దొరికితే టీవీకి కలిపి పెట్టాను. రోబో కంచాలు సర్దుతుంటే ఈసారి దాన్ని కేకేసేవాళ్లు లేరు. ఆ సీను అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు.

అయ్యాక బాబాయి లేచి అన్నం గిన్నె తెచ్చాడు. మూడు కంచాలు పెట్టాడు. మూడోదాంట్లోనూ వడ్డించి, వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

పిన్ని మాట నా నోటిదాకా వచ్చింది. అందులో సగమే అనగలిగాను.

"నువ్వు తినీ, బాబాయ్."